ఒక్క బడి ఫెయిలైతే ఊరంతటి ఓటూ పక్కకు పోతుందా? అమెరికా నగరాల్లో స్కూళ్ల టేకోవర్ వెనక కథ

హ్యూస్టన్‌లో ఫిఫ్త్ వార్డ్ అనే పాత నల్లజాతి పేట ఉంది. అక్కడి ఫిలిస్ వీట్లీ హైస్కూలుకి మంచి పేరే ఉండేది. దక్షిణాది నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ బార్బరా జోర్డాన్ చదివింది అక్కడే. ఆ బడికి రాష్ట్రం ఏళ్ల తరబడి ఫెయిల్ గ్రేడు ఇస్తూ వచ్చింది. చివరికి 2023 జూన్ 1న టెక్సస్ రాష్ట్రం ఆ ఒక్క బడిని కాదు, హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది. రెండొందల డెబ్బైకి పైగా బడులు, దాదాపు 1.9 లక్షల మంది పిల్లలు. జనం ఓటేసి గెలిపించిన తొమ్మిదిమంది బోర్డు సభ్యుల అధికారాలు తీసేసి, వాళ్ల స్థానంలో తొమ్మిదిమందిని రాష్ట్రమే నియమించింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. అక్కడున్నవాళ్లకి: "మా పిల్లల స్కూలు కూడానా?" ఇక్కడున్నవాళ్లకి: "గవర్నమెంటు బడిని గవర్నమెంటు స్వాధీనం చేసుకోవడం ఏమిటి, అది ముందునుంచీ దానిదేగా?" రెండో ప్రశ్న అమాయకంగా కనిపిస్తుంది కానీ అసలు చిక్కంతా అందులోనే ఉంది.

డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు

స్కూల్ డిస్ట్రిక్ట్ అనగానే మనకు జిల్లా, డీఈఓ ఆఫీసు గుర్తొస్తాయి. అమెరికాలో అది వేరే సంగతి. బడులు నడపడానికి మాత్రమే ఏర్పడ్డ స్థానిక ప్రభుత్వం అది. దానికి సొంత సరిహద్దులు, సొంత ఎన్నికలు, సొంత బడ్జెట్టు ఉంటాయి. చాలాచోట్ల పన్ను వేసే అధికారం కూడా ఉంటుంది. దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 13 వేలు. నగర పాలక సంస్థకీ దీనికీ చాలాచోట్ల సంబంధమే ఉండదు. హ్యూస్టన్ మేయరుకి హ్యూస్టన్ స్కూళ్ల మీద అధికారం లేదు.

మొదటి సందేహానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. హ్యూస్టన్ పరిసరాల్లో పదుల సంఖ్యలో డిస్ట్రిక్టులున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కునే కేటీ ఒక డిస్ట్రిక్టు, షుగర్‌ల్యాండ్ పిల్లలు వెళ్లే ఫోర్ట్ బెండ్ ఇంకొకటి. 2023 టేకోవర్‌తో వాటికి సంబంధం లేదు. ఒకే మహానగరంలో రోడ్డుకి ఇటువైపు రాష్ట్ర పాలన, అటువైపు ఎన్నికైన బోర్డు ఉండొచ్చు.

డిస్ట్రిక్టు లోపల ఏర్పాటు ఇలా ఉంటుంది. జనం స్కూల్ బోర్డును ఎన్నుకుంటారు. బోర్డు ఒక సూపరింటెండెంటును ఉద్యోగంలో పెట్టుకుంటుంది. ప్రిన్సిపాళ్లు, టీచర్లు, బస్సులు, వంటశాలలు అన్నీ ఆయన కింద. బోర్డు సభ్యులు రోజువారీ పనిలో వేలు పెట్టకూడదు, విధానాలు, బడ్జెట్టు చూసుకోవాలి. కాగితం మీద అంతే. నిజంలో చాలా గొడవలు ఈ గీత దగ్గరే మొదలవుతాయి.

డబ్బు మూడు చోట్ల నుంచి వస్తుంది. స్థానిక పన్నులు (ముఖ్యంగా ఇళ్ల మీద పన్ను), రాష్ట్రం దాదాపు సమానంగా పంచుకుంటాయి. కేంద్రం వాటా మామూలు రోజుల్లో పదో వంతుకు అటూ ఇటూ. అందుకే ఇళ్ల ధరలు పడిపోయిన నగరానికీ, పెరిగిన శివారుకీ బడుల్లో అంత తేడా.

రాష్ట్రానికి ఆ హక్కు ఎక్కడిది

అమెరికా రాజ్యాంగంలో చదువు అనే మాటే లేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి వెళ్లిన కేసులో 1973లో సుప్రీంకోర్టు, చదువు ఆ రాజ్యాంగం కింద ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. రాష్ట్రాల రాజ్యాంగాల్లో మాత్రం ఆ బాధ్యత స్పష్టంగా రాసి ఉంది. పిల్లలకి ఉచిత బడి నడపాల్సింది రాష్ట్రం. అది ఆ పనిని స్థానిక డిస్ట్రిక్టులకు అప్పగించింది. అప్పగించిన వాళ్లకు వెనక్కి తీసుకునే అధికారం కూడా ఉంటుందన్నది కోర్టులు సాధారణంగా ఒప్పుకునే వాదన.

కాబట్టి బడి చట్టం దృష్టిలో రాష్ట్రానిది, అలవాటు దృష్టిలో ఊరిది. వందేళ్లకు పైగా ఊరే నడిపింది, ఊరే పన్ను కట్టింది. పంచాయతీనో మున్సిపాలిటీనో పక్కనపెట్టి ప్రత్యేకాధికారి పాలన పెట్టడం మనకు తెలిసిందే, దాదాపు అలాంటిదే ఇదీ.

ఈ దారి తొక్కిన మొదటి రాష్ట్రం న్యూజెర్సీ. 1989లో జెర్సీ సిటీ, 1991లో ప్యాటర్సన్, 1995లో న్యూఆర్క్. ఆ తర్వాత దేశమంతటా వందకు పైగా డిస్ట్రిక్టులు ఏదో ఒక రూపంలో రాష్ట్రాల చేతిలోకి వెళ్లాయి. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. షికాగోలో 1995లో, న్యూయార్క్‌లో 2002లో బడులు మేయరు చేతికి వెళ్లాయి. అది టేకోవర్ కాదు. మేయరు నచ్చకపోతే ఆ ఊరివాళ్లే ఓడించొచ్చు. రాష్ట్రం నియమించిన అధికారిని దించాలంటే రాష్ట్రమంతా ఓటేయాలి.

మూడు రకాల జబ్బులు

టేకోవర్లన్నీ ఒకటి కావు. వార్తల్లో అన్నిటికీ ఒకే మాట వాడటం వల్లే సగం గందరగోళం. రాష్ట్రం దిగే కారణాలు స్థూలంగా మూడు: డబ్బు కష్టం, చదువు పడిపోవడం, బోర్డు పనితీరు. చాలాచోట్ల రెండు మూడు కలిసే ఉంటాయి.

డబ్బు సంగతి ముందు చూద్దాం. పెద్ద నగరాల డిస్ట్రిక్టులు అప్పులపాలవడం అనగానే దుబారా, అవినీతి అనుకుంటాం. అవీ ఉంటాయి. కానీ అందరూ నిజాయితీగా పనిచేసినా అప్పు పడే లెక్క ఒకటుంది.

ఒక ఊహా డిస్ట్రిక్టు తీసుకుందాం. 20 బడులు, బడికి 500 మంది చొప్పున 10 వేల మంది పిల్లలు. ఒక్కో పిల్లకి ఏడాదికి 12 వేల డాలర్లు వస్తాయి. కొన్ని కుటుంబాలు శివార్లకు వెళ్లాయి, కొన్ని చార్టర్ స్కూళ్లకు మారాయి. (చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తూ, బోర్డు కింద కాకుండా వేరే సంస్థ నడిపే బడి.) మొత్తం వెయ్యిమంది తగ్గారు. ఆదాయం ఏడాదికి 1.2 కోట్ల డాలర్లు పోయింది. ఆ వెయ్యిమందీ రెండు బడుల నుంచే వెళ్లి ఉంటే ఆ రెండూ మూసేస్తే సరిపోయేది. అలా జరగదు. బడికి 50 మంది తగ్గుతారు. బడిలో 25 తరగతులుంటే తరగతికి ఇద్దరు. ఇద్దరు పిల్లలు తగ్గారని టీచరుని తీసేయలేం. బస్సు అదే దారిలో తిరగాలి. చలికాలంలో భవనం మొత్తాన్నీ వేడిచేయాలి. రిటైరైనవాళ్ల పెన్షన్ బాకీ ఒక్క డాలరు కూడా తగ్గదు. మహా అయితే 30 లక్షలు మిగులుతాయి. మిగతా 90 లక్షలు ఏటా లోటు.

రెండు మూడు బడులు మూసి పిల్లల్ని కలిపేయాలి అన్నది లెక్క చెప్పే మాట. ఏ పేట బడి మూయాలి అన్న దగ్గర ఎన్నికైన బోర్డు ఆగిపోతుంది. మీటింగుకి వచ్చిన తల్లుల ముందు చెయ్యెత్తి తీర్మానం పాస్ చేయడం తేలిక కాదు. వాయిదా వేస్తారు, అప్పు తెస్తారు. వడ్డీ మొదలవుతుంది, తరగతి గదికి వెళ్లాల్సిన డబ్బు బ్యాంకుకి వెళుతుంది, ఇంకొన్ని కుటుంబాలు వెళ్లిపోతాయి.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ 2003లో ఇలాగే చిక్కుకుంది. రాష్ట్రం 10 కోట్ల డాలర్ల వరకూ అప్పు ఇచ్చి, బదులుగా బోర్డు అధికారాలు తీసుకుంది. 2009లో అధికారం తిరిగొచ్చింది. ఆ అప్పు తీరడానికి మాత్రం 2025 దాకా పట్టింది.

చదువు కారణంగా జరిగే టేకోవర్లలో రాష్ట్ర పరీక్షల ఫలితాలే ఆధారం. మూడోది, బోర్డు పనితీరు: సభ్యుల మధ్య తగాదాలు, చాటుమాటు మీటింగులు, కాంట్రాక్టుల్లో జోక్యం, రెండేళ్లకో సూపరింటెండెంటు. ఈ మూడోదాన్ని కొలిచే పరీక్ష లేదు కాబట్టి వివాదం ఇక్కడే ఎక్కువ.

హ్యూస్టన్: చట్టం ఎలా పనిచేసింది

టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ఒక్క బడి వరుసగా ఐదేళ్లు ఫెయిలైనా రాష్ట్ర విద్యా కమిషనర్‌కి రెండే దారులుంటాయి. ఆ బడిని మూసేయాలి, లేదా డిస్ట్రిక్టు బోర్డును పక్కనపెట్టి సొంతంగా మేనేజర్ల బోర్డును నియమించాలి. "చూద్దాంలే" అనే మూడో దారి లేకుండా కావాలనే రాశారు. ఈ నిబంధన వెనకున్న శాసనసభ్యుడు హెరాల్డ్ డటన్ డెమొక్రాట్, నల్లజాతి నాయకుడు, పైగా వీట్లీ హైస్కూలు పూర్వ విద్యార్థి. తన పేట బడిని బోర్డు ఏళ్ల తరబడి గాలికొదిలేసిందన్నది ఆయన ఫిర్యాదు. టేకోవర్ అంటే రిపబ్లికన్ రాష్ట్రం డెమొక్రాట్ నగరం మీద పడటం అని ఒక్క ముక్కలో తేల్చేసే కథ ఈ ఒక్క వివరం దగ్గర బెసుకుతుంది. అలాగని ఆ కథ పూర్తిగా అబద్ధమూ కాదు.

2019లో కమిషనర్ మైక్ మొరాత్ టేకోవర్ ప్రకటించారు. వీట్లీ ఫలితాలు ఒక కారణం. బోర్డు సభ్యులు కొందరు బహిరంగ సమావేశాల చట్టాన్ని మీరి చాటుగా మంతనాలు జరిపారని రాష్ట్ర విచారణలో తేలడం ఇంకో కారణం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు విషయంలో లోపాలు మూడోది. డిస్ట్రిక్టు కోర్టుకెళ్లింది. కేసు దాదాపు నాలుగేళ్లు నడిచింది. 2023 జనవరిలో టెక్సస్ సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన నిలిచింది.

ఈ మధ్యలో ఒకటి జరిగింది. 2022 రేటింగుల్లో వీట్లీకి సి గ్రేడు వచ్చింది. అంటే టేకోవర్‌కు మూలమైన బడి, టేకోవర్ రాకముందే గట్టెక్కింది. "ఇక ఎందుకు?" అని ఊరు అడిగింది. "పాత ఐదేళ్ల లెక్క చెరిగిపోదు, మిగతా కారణాలూ ఉన్నాయి" అంది రాష్ట్రం. చట్టం చదివితే రాష్ట్రం మాట సబబే అనిపిస్తుంది, చట్టం పెట్టిన ఉద్దేశం చూస్తే ఊరి ప్రశ్నా సబబే అనిపిస్తుంది.

రాష్ట్రం పెట్టిన కొత్త సూపరింటెండెంటు మైక్ మైల్స్ అంతకుముందు సైన్యంలో, దౌత్య శాఖలో పనిచేసి, డాలస్ బడుల సూపరింటెండెంటుగా ఉండి, తర్వాత చార్టర్ స్కూళ్ల సంస్థ నడిపిన మనిషి. వెనకబడ్డ బడుల్లో ఆయన కొత్త పద్ధతి పెట్టారు. పాఠాలు డిస్ట్రిక్టు ప్రధాన ఆఫీసు నుంచే తయారై వస్తాయి. కొంతసేపు పాఠం, వెంటనే చిన్న టెస్టు, దాన్నిబట్టి అర్థమైన పిల్లలు సొంతంగా పని చేసుకోవడానికి వేరే గదికి, కానివాళ్లు టీచరు దగ్గరే. ఆ బడుల్లో టీచర్ల జీతాలు పెంచారు, జీతాన్ని ఫలితాలతో ముడిపెట్టారు. చాలాచోట్ల ఇలా విడిగా పంపిన పిల్లల కోసం లైబ్రరీ గదుల్ని వాడుకున్నారు, లైబ్రేరియన్లను తీసేశారు. ఊళ్లో అన్నిటికన్నా పెద్ద గొడవ ఈ లైబ్రరీల మీదే అయింది.

ఫలితాలు? రాష్ట్ర పరీక్షల్లో మార్కులు పెరిగాయి. 2025 రేటింగుల్లో డిస్ట్రిక్టులో ఒక్క ఎఫ్ గ్రేడు బడి కూడా లేదు. రెండేళ్ల ముందు డి, ఎఫ్ కలిపి వందకు పైగా ఉండేవి. దీన్ని కొట్టిపారేయలేం. రెండోవైపు, పెద్ద సంఖ్యలో టీచర్లు వెళ్లిపోయారు, పిల్లల సంఖ్యా తగ్గింది. 2024 నవంబరులో భవనాల మరమ్మతులకి 440 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేస్తామని డిస్ట్రిక్టు ఓటర్ల ముందుకెళ్లింది. "నమ్మకం లేదు, బాండూ లేదు" అన్న నినాదంతో జనం తిప్పికొట్టారు. వ్యతిరేకంగా 58 శాతం. పాత బాయిలర్లు, కారే పైకప్పులు నిజమేనని ఓటేసినవాళ్లకీ తెలుసు. బోర్డుని ఎన్నుకునే అవకాశం లేనప్పుడు చేతిలో మిగిలిన ఒక్క ఓటునీ అక్కడ వాడారు.

రాష్ట్రం వచ్చాక ఎవరి చేతిలో ఏముంటుంది

పేర్లు రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో మేనేజర్ల బోర్డు. మసాచుసెట్స్‌లో రిసీవర్, అంటే బోర్డు అధికారాలూ సూపరింటెండెంటు అధికారాలూ కలిపి ఒక్కరి చేతిలో. మిషిగన్‌లో ఎమర్జెన్సీ మేనేజర్, ప్రధానంగా డబ్బు చూసే మనిషి. కొన్నిచోట్ల డిస్ట్రిక్టుని వదిలేసి, అట్టడుగున ఉన్న బడుల్ని మాత్రమే విడదీసి రాష్ట్రం వేరే గొడుగు కింద పెడుతుంది. టెనెసీ అలా చేసింది. అసలు చేతిలోకి తీసుకోకుండా భయపెట్టి పని చేయించుకోవడం కూడా ఉంది. 2022లో బోస్టన్ విషయంలో రిసీవర్ మాట గట్టిగా వినిపించింది, చివరికి రాష్ట్రానికీ నగరానికీ రాతపూర్వక ఒప్పందంతో ఆగింది.

ఇంతకీ పనిచేస్తుందా?

ముందు కొలత గురించి ఒక మాట. రాష్ట్రం దిగేది డిస్ట్రిక్టు అట్టడుగున ఉన్నప్పుడు. అట్టడుగు నుంచి ఎవరొచ్చినా రాకపోయినా కొంత పైకి లేవడం సహజం, వీట్లీ సి గ్రేడు చూశాం కదా. కాబట్టి "ముందు ఇంత, తర్వాత ఇంత" అన్న పోలిక సరిపోదు. అలాంటి స్థితిలోనే ఉండి రాష్ట్రం చేతికి వెళ్లని డిస్ట్రిక్టులు అదే కాలంలో ఏమయ్యాయో చూడాలి.

అలా చూసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. 2011 నుంచి 2016 వరకు రాష్ట్రాలు తీసుకున్న 35 డిస్ట్రిక్టుల్ని పోల్చారు. సగటున చదువులో లాభం కనబడలేదు. ఇంగ్లిషులో అయితే మొదటి కొన్నేళ్లు కాస్త నష్టమే. కానీ సగటు అన్నది ఒక ఊరు కాదు. దాని కింద బాగా పైకి వెళ్లినవీ ఉన్నాయి, బాగా పడిపోయినవీ ఉన్నాయి.

పైకి వెళ్లినవాటిలో అందరూ చెప్పేది న్యూ ఆర్లీన్స్. 2005 ఆగస్టులో కత్రినా తుపాను ఊరిని ముంచేసింది. ఆ నవంబరులో లూసియానా రాష్ట్రం చట్టం చేసి నగరంలోని వందకు పైగా బడుల్ని ఒక రాష్ట్ర సంస్థ కిందికి తెచ్చింది. ఏడు వేలకు పైగా టీచర్లు, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. పదేళ్లలోపే దాదాపు అన్ని బడులూ చార్టర్లు అయిపోయాయి. ట్యులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం పిల్లల మార్కులు 0.2 నుంచి 0.4 స్టాండర్డ్ డీవియేషన్ పెరిగాయి.

ఈ అంకె అర్థం కావాలంటే: వందమంది పిల్లల్ని మార్కుల వరుసలో నిలబెట్టండి. సరిగ్గా మధ్యలో, యాభయ్యో చోట ఉన్న పిల్లని తీసుకోండి. 0.2 పెరిగితే ఆ పిల్ల ఇప్పుడు దాదాపు 58 మంది కంటే ముందుంటుంది. 0.4 పెరిగితే 65, 66 మంది కంటే ముందు. బడుల సంస్కరణల్లో ఇంత మార్పు అరుదు.

మరి అన్నిచోట్లా ఇదే చేయొచ్చుగా? న్యూ ఆర్లీన్స్‌లో ఊరే ఖాళీ అయి మళ్లీ నిండింది. పిల్లల తలకి ఖర్చు పెరిగింది. దేశం నలుమూలల నుంచి దాతల డబ్బు, యువ టీచర్లు వచ్చారు. పోయిన ఉద్యోగాల్లో అధికభాగం నల్లజాతి మధ్యతరగతివి. ఆ గాయం మార్కుల పట్టికలో కనిపించదు. టెనెసీ ఈ నమూనా చూసే 2012లో బడులు తీసుకుంది, ఎక్కువగా మెంఫిస్‌లో. అట్టడుగు 5 శాతంలో ఉన్న బడుల్ని ఐదేళ్లలో పై 25 శాతంలోకి తెస్తామంది. పరిశోధకులు చూస్తే, ఆ బడులు అలాంటివే అయిన ఇతర బడుల కన్నా మెరుగవలేదు.

నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించేది మసాచుసెట్స్‌లోని లారెన్స్. పాత మిల్లుల ఊరు, ఎక్కువమంది లాటినో పిల్లలు. 2011 చివర్లో రాష్ట్రం తీసుకుని జెఫ్ రైలీని రిసీవర్‌గా పెట్టింది. టీచర్లందర్నీ తీసేసే అధికారం ఆయనకి ఉంది. ఆయన ఎక్కువమందిని ఉంచేసి, ప్రిన్సిపాళ్లలో మాత్రం చాలామందిని మార్చారు. డిస్ట్రిక్టు ప్రధాన ఆఫీసు ఖర్చు తగ్గించి డబ్బు బడులకి పంపారు. సెలవుల వారాల్లో వెనకబడ్డ పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా చేసి, ఎంపిక చేసిన టీచర్లతో ప్రత్యేక తరగతులు పెట్టారు. మొదటి రెండేళ్లలోనే గణితం బాగా, ఇంగ్లిషు కొంచెం మెరుగైనట్టు అధ్యయనం తేల్చింది. సెలవుల తరగతులకు వెళ్లిన పిల్లల్లో మెరుగు మరీ ఎక్కువ. ఇందులో ఏది చేయడానికి బోర్డును పక్కనపెట్టాల్సి వచ్చింది, ఏది మామూలు బోర్డు కూడా చేయగలిగేది? చిన్న గుంపులకి పాఠం చెప్పడానికి చట్టం అక్కర్లేదు. కానీ ప్రిన్సిపాళ్లని మార్చడానికి, ఆఫీసు డబ్బు మళ్లించడానికి మామూలుగా ఏళ్లు పట్టేదని సమర్థకులు అంటారు. అదీ కొట్టిపారేసే మాట కాదు.

డబ్బు విషయంలో మాత్రం టేకోవర్ల రికార్డు మెరుగే. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకి డిస్ట్రిక్టుల ఆర్థిక పరిస్థితి సగటున బాగుపడినట్టు పరిశోధన చెబుతోంది. అయితే అదనంగా వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పాత బాకీలకే పోయింది.

రాష్ట్రమే అప్పు చేస్తే?

ఆ సగటుకి పూర్తి ఎదురు కథ డెట్రాయిట్. 1999లో మిషిగన్ రాష్ట్రం అక్కడి ఎన్నికైన బోర్డును తీసేసింది. అప్పటికి డిస్ట్రిక్టు ఖాతాలో 9 కోట్ల డాలర్లకు పైగా మిగులు ఉంది. 2006లో ఎన్నికైన బోర్డు తిరిగొచ్చేసరికి ఆ మిగులు పోయి లోటు వచ్చింది. 2009లో రాష్ట్రం మళ్లీ వచ్చి, ఒకరి తర్వాత ఒకరుగా ఎమర్జెన్సీ మేనేజర్లను పెట్టింది. అప్పులు పెరుగుతూనే పోయాయి. ఈ కాలమంతటా ఊరు ఖాళీ అవుతోంది, చార్టర్లు పెరుగుతున్నాయి. లక్షన్నరకు పైగా ఉన్న పిల్లలు 50 వేల లోపుకి పడిపోయారు. పైన చెప్పిన ఊహా డిస్ట్రిక్టు లెక్కనే వంద రెట్లు చేసి చూడండి. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ లెక్క మారదు.

2016 జనవరిలో బూజు పట్టిన గోడలు, ఎలుకలు, వేడి లేని గదులతో విసిగి టీచర్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. పదుల సంఖ్యలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది రాష్ట్రం 61.7 కోట్ల డాలర్లు ఇచ్చి ఒక చిత్రమైన పని చేసింది. డిస్ట్రిక్టును రెండు చేసింది. పిల్లలు, టీచర్లు కొత్త డిస్ట్రిక్టులోకి వెళ్లారు. పాత డిస్ట్రిక్టులో పిల్లలు ఉండరు, బడులు ఉండవు. పన్ను వసూలు చేసి పాత అప్పు కట్టడమే దాని పని.

అదే ఏడాది డెట్రాయిట్ పిల్లల తరఫున రాష్ట్రం మీద కేసు పడింది. ఇన్నేళ్లు బడులు నడిపింది మీరే, మాకు చదవడం కూడా రాలేదు, బాధ్యత మీదే అన్నది వాదన. 2020లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ధర్మాసనం ఒకటి కనీస అక్షరాస్యత రాజ్యాంగ హక్కేనంది. రాష్ట్రం రాజీకొచ్చింది, ఆ తీర్పును ఆ తర్వాత పూర్తి కోర్టు పక్కనపెట్టింది. "ఊరు విఫలమైంది కాబట్టి మేమొచ్చాం" అన్నవాళ్లని "మీరు విఫలమైతే ఎవరొస్తారు?" అని అడగడం ఆ కేసులో కోర్టు దాకా గట్టిగా వెళ్లింది.

ఓటు, రంగు

టేకోవర్‌కి గురైన పెద్ద డిస్ట్రిక్టుల పేర్లు వరుసగా రాస్తే ఒకటి కళ్లకు కడుతుంది: ఎక్కువశాతం నల్లజాతి, లాటినో పిల్లలున్నవే. మార్కులు తక్కువున్నది అక్కడే కాబట్టి టేకోవర్లూ అక్కడే అని సమర్థకులు అంటారు. కానీ మార్కులు దాదాపు ఒకేలా ఉన్న డిస్ట్రిక్టుల్ని పోల్చినా, నల్లజాతి పిల్లలు అధికంగా ఉన్నవాటికే టేకోవర్ అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆర్కన్సాలోని లిటిల్ రాక్ ఉదాహరణ తరచూ వినిపిస్తుంది. 2015 జనవరిలో రాష్ట్ర బోర్డు 5-4 ఓట్లతో ఆ డిస్ట్రిక్టును తీసుకుంది. అక్కడి 48 బడుల్లో వెనకబడినవి ఆరు. అప్పటికి స్థానిక బోర్డులో నల్లజాతి సభ్యులదే ఆధిక్యం. 1957లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని తెల్లపిల్లల బడిలోకి పంపడానికి సైన్యం దిగిన ఊరు అది. అలాంటి చోట స్కూల్ బోర్డులో ఓటు అంటే మార్కులకు మించిన విషయం. అమెరికా నగరాల్లో చాలామంది నల్లజాతి నాయకులు రాజకీయాల్లో మొదటి మెట్టు ఎక్కింది స్కూల్ బోర్డుల మీదుగానే.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. రోడ్ ఐలండ్‌లో సెంట్రల్ ఫాల్స్ అనే చిన్న ఊరి బడుల్ని 1991లో రాష్ట్రం తీసుకుంది. అప్పటికి పిల్లల్లో లాటినోలు ఎందరో ఉన్నా నిర్ణయాలు తీసుకునే చోట వాళ్లు లేరు. రాష్ట్రం నియమించిన బోర్డు వల్లే వాళ్లకి అక్కడ చోటు దొరికింది. ఊరి అధికారం అంటే ఊళ్లో అందరి అధికారం అని ముందే అనుకోలేం.

వెళ్లడం కష్టం

చట్టాలు రావడం గురించి వివరంగా రాస్తాయి, వెళ్లడం గురించి అంతగా రాయవు. న్యూఆర్క్‌లో 1995లో వచ్చిన రాష్ట్రం 2018 దాకా ఉంది. అంటే ఒక పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరి, హైస్కూలు ముగించి, పెళ్లి చేసుకుని, తన పిల్లని కిండర్‌గార్టెన్‌లో చేర్చేదాకా. మధ్యలో 2010లో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జకర్‌బర్గ్ 10 కోట్ల డాలర్లు ప్రకటించారు. బడుల మూసివేతలు, చార్టర్ల పెంపు, సూపరింటెండెంటుకీ ఊరికీ మధ్య యుద్ధం నడిచాయి. 2014లో రాష్ట్ర పాలనను వ్యతిరేకించే రాస్ బరాకా మేయరుగా గెలిచారు, ఆయన అంతకుముందు అక్కడే హైస్కూలు ప్రిన్సిపాల్. మార్కులు మొదట పడి, తర్వాత ఇంగ్లిషులో ముందుకన్నా మెరుగయ్యాయి, గణితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇరవై మూడేళ్లలో ఎవరి ఘనత ఎంత, ఎవరి తప్పు ఎంత అన్నది విడదీయడం కష్టమే.

2025 అక్టోబరులో టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్ డిస్ట్రిక్టు విషయంలోనూ ఇదే అడుగు వేసింది. అక్కడ ఐదేళ్లు ఫెయిలైన బడిని డిస్ట్రిక్టు అప్పటికే మూసేసింది. అయినా లెక్క లెక్కే అంది రాష్ట్రం.

హ్యూస్టన్‌లో రాష్ట్రం పెట్టిన షరతులు మూడు: ఏ బడీ వరుసగా ఏళ్లకేళ్లు ఫెయిల్ కాకూడదు, ప్రత్యేక అవసరాల పిల్లల విషయంలో చట్టం పాటించాలి, బోర్డు పద్ధతి ప్రకారం నడవాలి. గడువును 2027 జూన్ దాకా పొడిగించారు. ఆ రోజు షరతులన్నీ నెరవేరినా కుర్చీలు ఒకేసారి తిరిగిరావు. ఏడాదికి మూడో వంతు చొప్పున నియమితులు దిగి ఎన్నికైనవాళ్లు ఎక్కుతారు. అప్పటిదాకా బోర్డు సభ్యుల ఎన్నికలు మాత్రం ఆగవు. బ్యాలెట్ మీద పేర్లుంటాయి, జనం వెళ్లి ఓటేస్తారు, గెలిచినవాళ్లు ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత బోర్డు మీటింగుకి వచ్చి, మిగతా ఊరితో పాటు ప్రేక్షకుల వరసలో కూర్చుంటారు.